గోడకెక్కని అంకె

ధర్మవరంలో మా పుట్టింటి ముందుగది గోడ గీకుతున్న మేస్త్రి పని ఆపి నన్ను కేకేశాడు. "టీచరమ్మా, ఈడ సున్నం కింద ఏందో రాసిండారు. పేర్లుండాయి, పక్కన అంకెలుండాయి. గీకేసేదా, నిలిపేదా?"

మా అన్న కొడుకు ఆ గదిని చీరల దుకాణం చేసుకుంటున్నాడు. గోడ నిండా అద్దాలు బిగిస్తాడట. పని ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని నేను పొద్దున బస్సుకు అనంతపురం నుంచి వచ్చి, లోపల కూర్చుని కాఫీ తాగుతున్నాను. మేస్త్రి మాట వినగానే గ్లాసు కింద పెట్టేశాను. ఆ గోడ మీద ఏముందో నాకు చూడకుండానే తెలుసు, రాసింది నేనే కాబట్టి. ఏది లేదో అంతకన్నా బాగా తెలుసు. నలభై ఏళ్ళకు దగ్గరపడుతోంది. అక్కడ ఉండాల్సిన ఒక్క వరుస లేనందుకు నన్ను నేను తిట్టుకోని ఏడాది లేదు.

వెళ్ళి చూశాను. ఉగాదికి ఉగాదికి కొట్టిన సున్నం పొరలు పెచ్చులుగా ఊడిపోయి, జాజు ఎర్రమట్టితో రాసిన నా పదహారేళ్ళ చేతిరాత బయటపడింది. చాలా పేర్లు సగం సగం మిగిలాయి. ఆ రోజుల్లో జనం గోడకు వీపులు ఆనించి నిలబడేవాళ్ళు, జాజు వాళ్ళ చొక్కాలకు అంటుకుని పోయేది. అన్నిటికన్నా పైన 'రామాంజి – ధర్మవరం'. మా అన్న. ఆయన పోయి రెండేళ్ళయింది. దాని కింద ఒక వరుస మాత్రం నిన్న రాసినంత స్పష్టంగా ఉంది. 'రాజు – శింగనమల'. అది ఎందుకు అంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పాలంటే ఆ గది సంగతి మొత్తం చెప్పాలి.

ఆ గదిలో గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని, మగ్గం ముందు నేల మీదే కూర్చుని నేసేవాళ్ళం. పెద్ద అంచు చీరకు ఒకరి చేతులు చాలవు. నాయన నడుమ కూర్చుంటే, పక్కన కూర్చుని అంచు దారం అటూ ఇటూ నడిపే నాడె అందించడం నా పని. పదో తరగతి పాసై ఇంట్లో ఉన్నాను, కాలేజీ మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. లోపల వంటగది గడప దగ్గర అవ్వ రోజంతా రాట్నం మీద కండెలు చుట్టేది. ఆ రాట్నం చప్పుడు ఆగిందంటే అవ్వకు కోపమొచ్చిందని అర్థం. పక్కింట్లో పట్టు ఉడకబెట్టే వాసన, సబ్బూ సోడా కలిసిన ఆవిరి, మా అన్నంలోకీ మజ్జిగలోకీ కూడా వచ్చేది. పెళ్ళై ఊరు దాటిపోయాక కొన్నాళ్ళు ఆ వాసన లేక నాకు అన్నం సయించలేదు.

నాయన మాట తక్కువ మనిషి. పొద్దున గుంటలో కాళ్ళు పెట్టేముందు మగ్గానికి దండం పెట్టేవాడు, మళ్ళీ మధ్యాహ్నం అన్నానికి లేచేదాకా నోరు విప్పేవాడు కాదు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. నేత పూర్తయిన చీరను మగ్గం మీంచి కోసేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఇద్దరు ఎదురుగా నిలబడాలి. అంచు చూడాలి, కొంగు చూడాలి, పోగు తెగలేదని ఇద్దరూ నోటితో చెప్పాలి. అప్పుడే కత్తెర. "ఒకరు చూస్తే చూసినట్టు గాదు. ఇద్దరు చూసి చెప్తేనే చూసినట్టు" అనేవాడు. చిన్నప్పుడు నాకు అది పెద్ద గౌరవంగా ఉండేది. నా కళ్ళకు ఒక విలువ ఉందని మొదట తెలిసింది ఆ కత్తెర ముందే.

వానలు వరసగా మొండిచెయ్యి చూపించిన కాలం అది. వేరుశనక్కాయ పోతే పెళ్ళిళ్ళు వాయిదా, పెళ్ళిళ్ళు వాయిదా అంటే మా మగ్గం ఖాళీ. రెండు నెలలుగా గుంటలో ఎవరూ కాలు పెట్టలేదు. అప్పుడు మా చిన్నాయన ఓబులేసు బెంగుళూరు పోయి, నేతకు బదులు ఏదో ఒకటి చేయాలని, లారీలో ఒక పెట్టె దించుకొచ్చాడు. బీరువా అంత పొడవు, నడుమ టీవీ లాంటి అద్దం, దాని కింద ఒక కడ్డీ, ఒక ఎర్ర బొత్తాం. రూపాయి బిళ్ళ వేస్తే మూడు విమానాలు వస్తాయి. పైనుంచి దిగే శత్రువులను కాలుస్తూ పోవాలి, కాల్చేకొద్దీ మూలన అంకె పెరుగుతుంది. మూడు విమానాలూ కూలితే ఆట అయిపోయినట్టు. ఇంత బరువు పెట్టడానికి ఇంట్లో వేరే చోటు లేక, మగ్గం విప్పి కొయ్యలు అటక మీద పెట్టి, గుంట మీద టేకు పలకలు పరిచి, వాటి మీద దాన్ని నిలబెట్టారు. నాయన ఆ రోజంతా పంచలో కూర్చుని వీధి చూస్తూ ఉండిపోయాడు. అవ్వ మాత్రం పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి, "అన్నం పెడితే అదే మగ్గం" అంది.

మొదట ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు కూడా ఎవరో ఒకరు ఆడితే చూసి, "బొమ్మ బాగుండాది" అని పోయేవాళ్ళు. ఆడింది ఎక్కువగా మా అన్నే. నేతగాడి చేతులు కదా, కడ్డీ మీద పడగానే కుదురుకున్నాయి. ఒక సాయంత్రం ఎంతో పెద్ద అంకె తెచ్చాడు, అంతలో కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి పెట్టె అంతా మర్చిపోయి సున్నాలు చూపిస్తోంది. ఆ పెట్టెకు జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. అన్న ముఖం చిన్నబోయింది. నాకు జాలేసి, గడపకు పూయడానికి అవ్వ కలిపి పెట్టుకున్న జాజులో పుల్ల ముంచి, ఆ అంకెను అన్న పేరు పక్కన గోడ మీద రాశాను. నాయన మాటనే అక్కడా పెట్టాను. ఆడినవాడు కాక ఇద్దరు చూడాలి, చూసినట్టు చెప్పాలి, అప్పుడే గోడ మీద రాస్తాను.

మర్నాడు ఎదురింటివాడు తన పేరు కూడా రాయమన్నాడు. వారానికి గోడ మీద పది పేర్లయ్యాయి. అనంతపురం నుంచి ఇంకో రామాంజి వచ్చి ఆడితే, ఇద్దరూ కలిసిపోకుండా పేరు పక్కన ఊరు రాశాను. అంతే. ఆ రెండక్షరాలు ఏం చేశాయో నేను ముందు ఊహించలేదు. 'బుక్కరాయసముద్రం' అని ఒకడి పక్కన పడగానే, ఆ ఊరివాళ్ళు నలుగురు బస్సు దిగి, కడ్డీ కూడా ముట్టుకోకుండా, తమ ఊరి పేరు ఎన్నో వరుసలో ఉందో చూసి పోయారు. అప్పుడు నాకు ఇంకో బుద్ధి పుట్టింది. ఎవరి అంకెనైనా ఇంకొకరు దాటితే, దాటబడినవాడికి ఒక కార్డు ముక్క రాసేదాన్ని. 'అయ్యా, మీ ఊరిని ఫలానా ఊరు దాటింది. వచ్చి మీ స్థానం నిలబెట్టుకోగలరు.' పల్లెల్లో పోస్టుమాన్లు కార్డులు పైకి చదివి ఇస్తారు కదా. ఒక కార్డు పోతే అరుగు మీదున్న నలుగురూ వినేవాళ్ళు, ఆదివారం నలుగురూ కలిసి వచ్చేవాళ్ళు. మా వీధిలో సోడా బండి వెలిసింది, బొరుగుల బుట్ట వెలిసింది. "పెట్టె తెచ్చింది నేను, జనాన్ని తెచ్చింది మా పాప" అని చిన్నాయన అందరికీ చెప్పుకునేవాడు. నేను గాలిలో నడిచాను. ఆ పొగరు నాకు ఎంత రుచిగా ఉండిందో ఇప్పుడు దాచిపెట్టడం దేనికి?

మా అన్న గోడకు తలకాయ. ఎవరొచ్చినా పై వరుస ఆయనదే. దాని గురించి ఆయన గొప్పలు పోయేవాడు కాదు గానీ, గదిలోకి వచ్చిన ప్రతిసారీ ముందు గోడ వైపే చూసేవాడు. ఒకసారి నాతో అన్నాడు. "పన్నెండేళ్ళ నుంచి నేస్తాండా మే. నేను నేసిన చీర కట్టుకున్నోళ్ళకు అంగడి పేరు తెలుసు, నా పేరు తెల్దు. నా పేరు బయట రాసింది ఈ గోడ మిందనే." ఆ మాట నేను మర్చిపోలేదు. తర్వాత జరిగినదానికి ఆయనను ఒక్కడినే తప్పుపట్టలేకపోవడానికి అది ఒక కారణం.

రాజు వచ్చింది అప్పుడే. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఊరి బయట బోర్లు వేస్తున్న బండి మీద పని. చొక్కా మీద, కనుబొమల మీద తెల్లటి రాతిపొడి. వాకిట్లో నిలబడి చాలాసేపు చూసి, తన వంతు వచ్చాక లోపలికొచ్చి ఆడాడు. మిగతావాళ్ళు కడ్డీతో కుస్తీ పట్టేవాళ్ళు. అతను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. బోరు బండి మీద రాయి తగిలిందో మట్టి తగిలిందో పిడి అదురును బట్టే తెలుస్తుందట, అలా అలవాటైన చెయ్యి. మొదటి రోజే మూడో వరుసలోకి వచ్చాడు. నేను జాజు పుల్ల తీసుకుని అడిగాను.

"పేరు?"

"రాజు."

"ఊరు?"

"శింగనమల." నేను రాయడం అయ్యేదాకా కళ్ళార్పకుండా చూసి, "పాపా, ఇది ఎన్నాళ్ళుంటాది?" అన్నాడు.

"సున్నం కొట్టేదాకా."

"ఎప్పుడు కొడతారు?"

"ఉగాదికి."

"అయితే ఉగాది దాకా నేను ఈడుంటా" అని నవ్వాడు. తర్వాత గోడ వైపే చూస్తూ, "యాడ్యాడో బోర్లేసినాం. నీళ్ళు పడితే టెంకాయ కొడతారు, మమ్మల్ని పక్కకు పొమ్మంటారు. ఒక్కదాని మింద కూడా నా పేరు ల్యా" అన్నాడు. పక్కకు ఎందుకు పొమ్మంటారని నేను అడగలేదు. మగ్గం ముందు నుంచి లేచి లోకం చూడని పిల్లను. బండి మనుషులు కదా, దుమ్ము కొట్టుకుని ఉంటారని అనుకున్నాను.

నెల తిరిగేలోపు అతను రెండో వరుసకు ఎక్కాడు. పాత వరుస చెరిపి అన్న పేరు కిందే అతని పేరు రాశాను. ఒకసారి ఎవరో అతన్ని దాటితే, మర్నాడే అతను మళ్ళీ రెండో వరుసకు ఎక్కినా, అలవాటు ప్రకారం కార్డు రాసి పడేశాను. 'రాజు, శింగనమల.' బండి ఇక్కడే ఉంది, మనిషి రోజూ కళ్ళ ముందే ఉన్నాడు. కార్డుతో అవసరమే లేదు. ఊరికి కార్డు పోతే ఇంకో నలుగురు వస్తారన్న ఆశతో రాశాను. తర్వాతి ఆదివారం శింగనమల నుంచి తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన, వెంట ముగ్గురితో వచ్చాడు. రాజు పెట్టె ముందు నిలబడి ఉన్నాడు.

"మా ఊర్లో నాకు తెలీని రాజు ఎవురప్పా అని వస్తి. పోస్టుమాను ఊరంతా అడిగినాడు" అంటూ ఆయన రాజు భుజం మీదుగా తొంగి చూసి, పెద్దగా నవ్వాడు. "ఒరే దానియేలూ! నువ్వు ఎప్పుడు రాజయినావురా? చెరువు కింద పేటోడు కదప్పా వీడు. వీళ్ళమ్మ మా చేన్లోనే కలుపు తీస్తాది."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట కూడా రాయాలి, రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. అతను ఆట మధ్యలో కడ్డీ వదిలేసి, "బండి మింద అందురూ నన్ను రాజనే పిలుస్తారన్నా" అని మాత్రం అన్నాడు. అద్దంలో విమానాలు వాటంతటవి కూలిపోయాయి. లోపల అవ్వ రాట్నం ఆగిపోయింది. అతను బయటికి పోయాక అవ్వ సున్నం తట్ట తెచ్చి, రెండో వరుస మీద మందంగా పూసేసింది. పలకల మీద పసుపు నీళ్ళు చల్లింది. మగ్గం గుంట మాకు పూజగది లాంటిది, దాని మీద అతను నెల రోజులు నిలబడ్డాడన్నది అవ్వ బాధ. నాయన ఏమీ అనలేదు. చెప్పాలంటే అందరికన్నా ఎక్కువ అన్నది ఆయనే, ఏమీ అనకుండా.

జనం తగ్గుతారని నేను భయపడ్డాను. రెట్టింపు అయ్యారు. ధర్మవరం నేతగాణ్ణి శింగనమల పేటవాడు దాటగలడా లేదా అన్నది ఇప్పుడు వాళ్ళకు కావాల్సింది. నేను పేరు పక్కన పెట్టిన ఊరు ఇలా మారింది. చిన్నాయన వ్యాపారి మనిషి, వెంటనే పందెం ప్రకటించాడు. ఆదివారం మధ్యాహ్నం, రామాంజికి ఒక ఆట, దానియేలుకు ఒక ఆట, ఎవరి అంకె పెద్దదైతే ఉగాది దాకా పై వరుస వాళ్ళది. బోరు బండి దగ్గరికి ఆ కబురు నేనే కాగితం మీద రాసి పంపాను. అతను వస్తానన్నాడు. ఒక్కటే అడిగాడట. గెలిస్తే గోడ మీద దానియేలు అనే రాయాలని.

నాయన అప్పుడు నోరు విప్పాడు. "ఆడితే ఆడనీ. గుంట మింద మాత్రం నిలబడగూడదు." అందుకని ఆ ఆదివారం పెట్టెను నలుగురు ఎత్తి పంచలోకి దించారు. కిటికీలోంచి తీగ లాగారు. పంచలో మధ్యాహ్నపు ఎండ నేరుగా అద్దం మీద పడి ఏమీ కనపడలేదు. చిన్నాయన నల్ల కంబళి తెచ్చి పెట్టె మీద గుడారంలా కప్పాడు. ఆడేవాడు, పక్కన ఇంకో ఇద్దరు, ముగ్గురికే చోటు. వీధి నిండా జనం, మిద్దెల మీద జనం, వాళ్ళకు ఆట కనపడదు. నేను కంబళి లోపల నిలబడి అంకె పెరిగినప్పుడల్లా బయటికి అరవాలి, వాళ్ళు వినాలి. రెండో సాక్షిగా ఎదుటివాడు ఉండాలన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే, అతన్ని లోపలికి రానివ్వకూడదని పెట్టెను బయటికి దించాం, బయటికి దించాం కాబట్టి కంబళి కప్పాం, కంబళి కప్పాం కాబట్టి ఆ ఊరందరి కళ్ళూ నా రెండు కళ్ళయ్యాయి.

అన్న ముందు ఆడాడు. నలభై ఒక్క వేల మూడు వందల యాభై. అంత ఎప్పుడూ తేలేదు. వీధి దద్దరిల్లింది. తర్వాత దానియేలు వంతు. సాక్షిగా వచ్చినప్పుడే చెప్పులు వీధిలో వదిలేశాడు, ఇప్పుడు నా పక్కనుంచి ముందుకు జరిగి కడ్డీ అందుకున్నాడు. అతని చొక్కా ఉతికినది, పొడి లేదు. కంబళి కింద ఉక్క, గొర్రె వాసన, ముగ్గురి చెమట. ముప్పై వేలు అని అరిచాను. ముప్పై అయిదు. ముప్పై తొమ్మిది. ఆ పైన అరవలేదు. ఆడేవాడి కళ్ళు విమానాల మీదే, మూలన అంకె చూసే పని సాక్షులదే. అంకె నలభై దాటింది, నలభై ఒకటి దాటింది, నలభై రెండు వేల నూట యాభై అయింది. అన్న ఊపిరి నా చెవికి వినిపిస్తోంది. నేను నోరు తెరిచాను. గొంతులో మాట ఉంది. 'పన్నెండేళ్ళ నుంచి నేస్తాండా మే' అన్న మాట కూడా అక్కడే ఉంది. ఒక్కసారి ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగాను. కరెంటు పోయింది.

చిన్నాయన కంబళి లాగేశాడు. వెలుతురు కళ్ళలో కొట్టింది. వీధి మొత్తం ఒక్క గొంతుతో "ఎంతా? ఎంతా?" అంటోంది. దానియేలు నా వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అన్న తల వంచుకుని, "నాకు కనపల్లే" అన్నాడు. గడప లోపల కూర్చున్న నాయన నన్ను చూసి, "నువ్వు చూసినావా పాపా?" అన్నాడు. చీర కోసేముందు అడిగే గొంతుతోనే అడిగాడు.

"ల్యా నాయనా" అన్నాను.

"పాప అరిచింది ముప్పై తొమ్మిది వేలు. అందురూ విన్నారు. అదే లెక్క" అని చిన్నాయన తీర్పు చెప్పాడు. మా వీధివాళ్ళు అన్నను ఎత్తుకున్నారు. దానియేలు ఎవరితోనూ గొడవ పడలేదు. కింద పడిన కంబళి తీసి, దులిపి, మడత పెట్టి, పంచ గట్టు మీద పెట్టి, వీధిలోకి దిగి చెప్పులు వేసుకున్నాడు. ఆ మడత నాలుగు మూలలూ కలిపి ఎంత సాపుగా పెట్టాడో నాకు ఇప్పటికీ కనపడుతుంది.

ఆ సాయంత్రం పెట్టెను తిరిగి లోపల పెట్టేముందు అవ్వ దానికి కూడా శుద్ధి చేయాలంది. చిన్నాయన జనంతో బజారుకు పోయాడు, ఆపేవాళ్ళు లేరు. చెంబుడు పసుపు నీళ్ళు కడ్డీ మీద, బొత్తాం మీద, అద్దం మీద పోసి గుడ్డతో తుడిచింది. నీళ్ళు సందుల్లోంచి లోపలికి పోయాయి. కరెంటు వచ్చింది, లోపల టప్పుమని ఒక చప్పుడు, పసుపు కాలిన వాసన, సన్నగా పొగ. అంతే, ఆ పెట్టె మళ్ళీ వెలగలేదు. బెంగుళూరు నుంచి ఎవరో వచ్చి బాగు చేస్తారని చిన్నాయన చాలా రోజులు చూశాడు. జనం పది రోజులు వచ్చారు, తర్వాత సోడా బండి ముందు పోయింది. బోరు బండి ఇంకో ఊరికి కదిలిపోయింది. ఉగాదికి గోడకు సున్నం కొట్టారు, గుంట మీద పలకలు తీసి మగ్గం దించారు. అన్న చూపు మందగించేదాకా నేశాడు. నేను టీచర్ ట్రైనింగుకు పోయాను. అన్నా నేనూ మళ్ళీ ఎన్ని మాట్లాడుకున్నామో, ఆ ఆదివారం గురించి ఒక్క మాట అనుకోలేదు. ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. అదేనని నాకు అనిపించింది. కాకపోవచ్చు కూడా.

ఇప్పుడు అన్న మనవడు ఫోనులో ఆటలాడుతాడు. వాడు ఆడుతుంటే ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారట, ఎంతమంది చూస్తున్నారో మూలన అంకె కనపడుతుంది. మా మేస్త్రి గోడ గీకిన రోజు వాణ్ణి పిలిచి చూపించాను. "అవ్వా, మీరు అప్పుడే లీడర్‌బోర్డు పెట్టినారా!" అని ముచ్చటపడి ఫోటో తీశాడు. చూసేవాళ్ళు నీకు ఏం రాస్తారురా అని అడిగితే, "బాగా ఆడినావంటారు. ఏ ఊరన్నా అంటారు. కొందరు ఊరు చెప్పినాక, మీరు ఏమోళ్ళన్నా, ఏ కులమన్నా అని అడుగుతారు" అన్నాడు. చెప్తావా అంటే భుజాలెగరేశాడు. మాకు కార్డు పోయి మనిషి రావడానికి వారం పట్టేది. ఇప్పుడు క్షణం పట్టదు. వాడి పెట్టె కరెంటు పోయినా ఏదీ మర్చిపోదు. ఎవరో ఒకరు చూసి చూడలేదనే అవకాశం వాడి ఆటలో లేదు, అది మేలే. ఊరు చెప్పాక వచ్చే ఆ రెండో ప్రశ్న మాత్రం అలాగే ఉంది. దాన్ని ఏ సున్నంతో పూస్తారో నాకు తెలియదు.

దానియేలు ఎక్కడున్నాడో నాకు ఎప్పటినుంచో తెలుసు. బుక్కరాయసముద్రంలో మోటార్లకు తీగ చుట్టే అంగడి పెట్టుకున్నాడు. నేను శింగనమల హైస్కూల్లో పనిచేసిన ఆరేళ్ళూ రోజూ ఆ అంగడి ముందు నుంచే బస్సులో పోయాను. బోర్డు మీద 'దానియేలు' అని పెద్ద అక్షరాలు. ఒక్క రోజు దిగలేదు. అటు కిటికీ పక్క సీటు దొరికినా, అంగడి కనపడని అవతలి వైపు కూర్చునేదాన్ని. నేను చూశానని అతనికి తెలియదు కదా, తెలియనప్పుడు పోయి తవ్వుకోవడం దేనికని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఒక్క ఆధారం పట్టుకునే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. మేస్త్రిని మర్నాటి దాకా గోడ ముట్టుకోవద్దని చెప్పి, ఫోనులో ఫోటో పెట్టుకుని, ఈసారి దిగాను.

తల పూర్తిగా నెరిసింది, వేళ్ళు మాత్రం అవే. ఒళ్ళో మోటారు పెట్టుకుని రాగి తీగ చుడుతున్నాడు. నా పేరు చెప్పేలోపే గుర్తుపట్టి, "రాండి టీచరమ్మా" అని కూతురికి టీ చెప్పాడు. ఫోటో చూపించాను. దగ్గరగా పట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "ఇది ఎట్ల నిలిచిండాది?" అన్నాడు. మా అవ్వ ముందే సున్నం పూసింది, అందుకే జనం వీపులు తగల్లేదని చెప్పాను. చిన్నగా నవ్వాడు. అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. నలభై రెండు వేల నూట యాభై. నేను చూశాను. గోడ రేపు మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఈ రోజే పోయి, అన్న పేరు పైన మీ పేరు రాసి వస్తాను, దానియేలు అనే రాస్తాను. 

అతను చాలాసేపు తీగ చుట్టాడు. కూతురు టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి లోపలికి పోయింది.

"నువ్వు చూసినావని నాకు ఆ పొద్దే తెలుసు టీచరమ్మా" అన్నాడు, తల ఎత్తకుండానే. "కరెంటు పోయినాక నేను పెట్టెను చూడలే. కంబళి తీస్తానే నీ మొగమే చూసినా. అంకె నీ మొగంలోనే ఉండె."

అతను తీగ తుంచి, కొస మెలివేసి, మోటారు పక్కన పెట్టాడు.

"నువ్వు నిజంగా చూసుండకపోతే" అన్నాడు, "నేను అది ఎప్పుడో మర్చిపోయుందును."